భయం నేర్పిన మేడం

సిరొంచ బస్టాండు దగ్గర, మొబైల్ దుకాణం మీది అంతస్తులో ఈ మధ్య ఒక జిమ్ము తెరిచారు. మొన్న ఫోన్ రీఛార్జ్ చేయించుకుందామని పోయి కింద నిలబడ్డానో లేదో, పైనుంచి ఆ చప్పుడు వినపడింది. ట్రెడ్‌మిల్ పట్టా తిరిగే రొద, దాని మీద బూట్లు ధన్ ధన్‌మని పడే చప్పుడు, నడుమ ఎవరో రొప్పుతున్న చప్పుడు. అంతే, వచ్చిన పని మరిచిపోయాను. దుకాణం ఆయన "నంబర్ చెప్పున్రి మేడం, నంబర్ చెప్పున్రి" అని అడుగుతూనే ఉన్నాడు. నేనేమో ఆ అడుగులు ఒక్క తీరుగా పడుతున్నాయా, తడబడుతున్నాయా అని చెవులు రిక్కించి వింటున్నాను. పైన ఉన్నది ఎవరో నాకు తెలియదు. బాగానే ఉండి ఉంటారు. అయినా పట్టా ఆగి, ఆ మనిషి ఎవరితోనో పకపకా నవ్వే దాకా నా కాళ్ళు అక్కడినుంచి కదల్లేదు. ఈ జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. యూనివర్సిటీలో నాకు పాఠాలు చెప్పిన విమల మేడం అంటించి పోయారు.

మాది సిరొంచ దిక్కే, మరాఠీవాళ్ళ రాష్ట్రం అంచున, బామ్ని పక్కన చిన్న పల్లె. తాత ముత్తాతలు పరాయి చేలల్లో కూలికి పోయినవాళ్ళు. నాన్న చదువుకుని బస్సు కండక్టరయ్యాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అంగడికి పోతే రెండూ కలిపి. చిన్నప్పటినుంచీ నేను బాగా ఉరికేదాన్ని. డిగ్రీ అయ్యాక, దూరాన ఉన్న పట్నంలోని యూనివర్సిటీలో వ్యాయామ, క్రీడాశాస్త్రంలో సీటొచ్చిందని చెబితే మా అమ్మ నోరు వెళ్ళబెట్టింది. "ఉరుకుడు నేర్వనీకి యూనివర్సిటానే? మా కాలంల కుక్క ఎంటబడితే అదే వచ్చేది!" అంది. అప్పటికి బడిలో ఉన్న మా చెల్లె మంజుల మాత్రం నా పెట్టె సర్దుతూ, "నువ్వు చదువుకో అక్కా, నేను ఉరుకుత. ఇద్దరం కలిసి ఒక పోలీస్ నౌకరి కొడదాం" అంది. మా దిక్కు ఆడపిల్లలకు భర్తీ, అంటే పోలీస్ ఉద్యోగాలకు మనుషులను తీసుకోవడం అంటే అట్లాంటి ఆశ. పరుగులో నెగ్గితే ఇంటికి జీతం వస్తుంది.

విమల మేడం పొట్టిగా, బొద్దుగా ఉండేవారు. చీర కొంగు నడుముకు దోపుకుని, మెట్లెక్కితే ఆయాసపడుతూ లాబ్‌లోకి వచ్చేవారు. ఉరికే మనిషి ఒంట్లో గుండె ఏం చేస్తుంది, ఊపిరితిత్తులు ఏం చేస్తాయి అనేది ఆమె పాఠం. ఈమె జన్మలో ఒక్కసారైనా ఉరికిందా అని మేము వెనక నవ్వుకునేవాళ్ళం. దానికి తోడు మొదటి వారమంతా ఆమె మాకు ట్రెడ్‌మిల్ నడపడం నేర్పలేదు, ఆపడమే నేర్పారు. ఒకరు పట్టా మీద నింపాదిగా నడవాలి, ఇంకొకరు వాళ్ళ ముఖం చూస్తూ పక్కన నిలబడాలి. మేడం ఉన్నట్టుండి బల్ల మీద దబీమని కొట్టేవారు. ఆ చప్పుడుకు మన చెయ్యి పోయి ఎర్ర బటన్ మీద పడాలి. బటన్ ఎక్కడుందో అని కిందికి చూశామో, అయిపోయామే. మరాఠీలో, హిందీలో, ఇంగ్లీషులో వరుసబెట్టి తిట్లు పడేవి. ఆమెకు తెలుగొచ్చని అప్పటికి నాకు తెలియదు.

తర్వాత ఒక్కొక్కరం ఆ పరీక్షకు నిలబడాల్సి వచ్చింది. పట్టా వేగం, ఏటవాలు మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతారు, మనం ఇక నా వల్ల కాదు అనేదాకా ఉరకాలి. ముక్కూ నోరూ మూస్తూ రబ్బరు మాస్కు ఉంటుంది కాబట్టి మాట్లాడలేం. చాలు అనిపిస్తే చెయ్యెత్తాలి. నా వంతు వచ్చింది. మొదట్లో హుషారుగానే ఉరికాను. పోను పోను మాస్కులో నా ఊపిరి నాకే ఎవరో తరుముకొస్తున్నట్టు వినపడసాగింది. గోడ మీది గడియారం మసకబారింది. కళ్ళ అంచుల్లో నల్లగా కమ్ముకొస్తోంది. నిజంగా చచ్చిపోతానేమోనని భయం వేసింది. అయినా చెయ్యెత్తలేదు.

మొండితనం కాదది. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఒక పని పెట్టాక, వాళ్ళు చాలనే లోపల మనం చాలనకూడదు. మా బాపమ్మ, అంటే నాన్న తల్లి, నాట్లకు పోయేటప్పుడు నన్ను వెంట తీసుకుపోయేది. వరుసలో అందరికన్నా పెద్దామె నడుమెత్తితే తప్ప మిగతా ఆడవాళ్ళు నడుమెత్తేవారు కాదు, నొప్పితో కళ్ళల్లో నీళ్ళు తిరిగినా సరే. నేను ఆ వరుసలో పెరిగినదాన్ని. మేడం చాలంటారని నేను చూస్తున్నాను, నేను చెయ్యెత్తుతానని మేడం చూస్తున్నారు, పట్టా మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా తిరుగుతోంది. చివరికి ఆమే బటన్ కొట్టారు. నేను కుప్పకూలుతుంటే పట్టుకుని, నా ముఖం మీద మాస్కు పీకేసి, క్లాసంతా నివ్వెరపోయేటట్టు అరిచారు.

"సావనీకొచ్చినవానే ఇక్కడికి? చెయ్యి లేపుమని చెప్పిన్నా లేదా? నోరు మూసినం గని నీ చెయ్యి ఇరగ్గొట్టలేదు గదనే పిల్లా!"

అరుస్తూనే నా మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నారు. నేను బతికానన్న సంగతి పక్కనబెట్టి, ఆ తెలుగు విని ఆశ్చర్యపోయాను. అది అచ్చం మా దిక్కు తెలుగు. రొప్పుతూనే, "మేడం, మీది ఏ ఊరు?" అని అడిగాను.

"అహేరి. నోర్మూసుకొని నీళ్ళు తాగు ముందుగాల," అన్నారు.

ఆ రోజునుంచి నాకు ఆ మిషన్ అంటే దడ పట్టుకుంది. నేను ఎక్కడం సంగతి సరే, వేరేవాళ్ళు ఎక్కినా చూడలేకపోయేదాన్ని. ఎవరి అడుగు కాస్త తడబడినా నా చెయ్యి ఎర్ర బటన్ దిక్కు పోయేది. ఇక ఈ సబ్జెక్టు మనకెందుకని, యోగా దిక్కు మారిపోదామని నిశ్చయించుకుని ఆమె గదికి పోయాను.

"మేడం, నేను ఆ మిషన్ కాడ నిలబడలేను. ఎవలన్న ఎక్కితే నాకు పానం గుంజుతాంది."

తిడతారనుకున్నాను. ఆమె ముఖం సంతోషంతో చేటంతైంది. "గిప్పుడు మంచిగైంది. ఇగ రేపటిసంది బటన్ కాడ నువ్వే నిలబడాలె," అన్నారు.

"భయమైతాందంటున్న మేడం."

"ఇన్న. నా చెవులకేం కాలే. భయం లేనోళ్ళు స్క్రీన్‌ల అంకెలు చూసుకుంట నిలబడతరు. నువ్వు మనిషిని చూస్తవు. పో, టీ తాగి రా."

ఆ టీ తాగుతూ నేను ఏడ్చాను. కానీ మరునాడు పోయి నిలబడ్డాను.

రానురాను తెలిసింది, ఆమెకు అన్నిటికీ భయమేనని. లిఫ్టంటే భయం, ఉరుమంటే భయం, కుక్కలంటే చెప్పనక్కర్లేదు. ఒకసారి దీపావళి సెలవులకు ఇద్దరం ఒకే బస్సులో ఊళ్ళకు బయలుదేరాం. దారిలో అల్లపల్లి ఇంకా రాలేదు. రెండు దిక్కులా టేకు చెట్లు, పొద్దు వాలుతోంది. డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకేశాడు. "పులి, పులి" అని ముందు సీట్లో ఎవరో అన్నారు. బస్సంతా ఊపిరి బిగబట్టింది. మేడం నా మణికట్టు పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నారు. తీరా చూస్తే రోడ్డుకు అడ్డంగా ఒక బర్రె. అందరూ నవ్వుతుంటే నేను ఆమె చేతి దిక్కు చూశాను. అంత భయంలోనూ ఆమె వేళ్ళు సరిగ్గా నా నాడి మీదే ఉన్నాయి.

అప్పుడు ధైర్యం చేసి, ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్న మాట అడిగేశాను. "మేడం, ఏమనుకోకున్రి. మీ ముందట ఎవలన్న ఉరుక్కుంట పడి సచ్చిపోయిన్రా? గందుకేనా గింత భయం?"

"ఎవ్వలు పోలే," అన్నారు కళ్ళు తెరవకుండానే.

"మరి?"

"గదే చెప్తున్న. ఇన్నేండ్లల్ల ఒక్కలు గూడ పోలే. నేను భయపడి ఆపినందుకే పోలేదో, ఆపకున్నా పోకపోదురో, గది నాకు ఎన్నటికి ఎర్కగాదు. మా డిపార్ట్‌మెంటుల ఏమంటరో ఎర్కేనా? విమల మేడం ఉత్తగనే పరేషాన్ అయితదంటరు. అననీ తియ్." కళ్ళు తెరిచి, కిటికీలోంచి రోడ్డు దాటుతున్న బర్రెను చూశారు. తర్వాత "బర్రెకు గూడ నా అసొంటి అక్క ఒకలుంటే బాగుండు, రోడ్డు మీద నిలబడకపోవు," అని తనే నవ్వారు.

లాబ్‌కు పల్లెల నుంచి ఆటగాళ్ళు వచ్చేవాళ్ళు. కబడ్డీ పిల్లలు, కుస్తీ పట్టేవాళ్ళు, దూరం ఉరికేవాళ్ళు. మైదానంలో వాళ్ళను ఉరికిస్తూ మేడం ఎన్నడూ "ఎట్లుంది" అని అడగలేదు. "మనోళ్ళను ఎట్లున్నదని అడుగుడే తప్పు. సగం సచ్చినా మంచిగనే ఉన్నదంటరు" అనేవారు. దానికి బదులు, వాళ్ళ పక్కన నాలుగడుగులు ఆయాసపడుతూ ఉరికి, ఇయ్యాల ఏం కూర తిన్నావని అడిగేవారు. మరాఠీవాళ్ళనైతే మరాఠీలో. ఏం కూరో చెప్పాలంటే కొంచెం గుర్తు చేసుకోవాలి కదా. ఒళ్ళు వేడెక్కిపోయి, తలకు నెత్తురు సరిగా అందకపోతే ఆ జవాబు తికమక పడుతుంది. ఒక కుస్తీ పిల్లవాడు ఉరుకుతూ ఉరుకుతూనే కోడికూర ఎట్లా వండాలో మసాలాతో సహా చెప్పుకుపోయాడు. "వీనికేం రోగం లేదు, ఇంకా ఉరికించున్రి" అన్నారు మేడం.

చదువు ముగించుకుని నేను సిరొంచ వచ్చాను. ఒక బడిలో ఆటల టీచరుగా చేరి, పొద్దున పూట భర్తీకి తయారయ్యే ఆడపిల్లలకు పరుగు నేర్పడం మొదలుపెట్టాను. వాళ్ళందరిలో ముందుండేది మా మంజుల. చిరుతపులి లాంటి పిల్ల. ఆ ఏడు పోలీస్ భర్తీ ప్రకటన పడింది. మళ్ళీ ఎప్పుడు పడుతుందో దేవుడికే ఎరుక. మంజులకు వేరే ధ్యాస లేదు. అన్నం తినమంటే తిన్నానంటుంది, పడుకోమంటే పడుకున్నానంటుంది. అమ్మ కూడా ఆమె మాటకే తాళం వేసేది. వాళ్ళిద్దరూ నా దగ్గర ఏదో దాస్తున్నారని అనిపించేది కానీ, అడిగితే "నీకన్నీ అనుమానాలే" అని కొట్టిపారేసేవారు.

ఆ రోజు శనివారం. ఎండలు ముదిరాయి. గ్రౌండులో ఎవరో క్రికెట్ పోటీ పెట్టుకోవడంతో మాకు చోటు దొరికేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఇయ్యాల వద్దు, రేపు చూద్దాం అన్నాను. భర్తీ దగ్గరపడుతుంటే వద్దంటావేందని పిల్లలంతా నా మీద పడ్డారు, మంజుల అందరికన్నా ముందు. సరే, నెమ్మదిగా అని ఒప్పుకున్నాను. నెమ్మదిగా ఎక్కడ? మొదటి చుట్టులోనే మంజుల అందరినీ వదిలేసి పోయింది. నేను లోపలి గీత మీద ఆమె పక్కన ఉరుకుతూ, "మంజూ, ఇయ్యాల ఏం కూర?" అని అడిగాను. "వంకాయ!" అంది టక్కున, నవ్వుతూ. నా మనసు కుదుటపడింది.

ఇంకో రెండు చుట్లు తిరిగి వచ్చేసరికి ఆమె ముఖం చూస్తే నాకు ఏదో తేడా కొట్టింది. కందిపోయి ఎర్రగా ఉంది, చెమట చుక్క లేదు. కాళ్ళు పడాల్సిన చోట పడటం లేదు. మళ్ళీ పక్కకు చేరి అడిగాను. ఈసారి వెంటనే జవాబు రాలేదు. నా దిక్కు తిరిగి, నన్ను కాక నా వెనక ఎవరినో చూస్తున్నట్టు చూసి, మెత్తగా అంది.

"బాపమ్మ చేపల పులుసు పెట్టింది. నీకు గూడ ఉంచింది, పా."

పట్టపగలు, నడి ఎండలో నా ఒళ్ళు జలదరించింది. బాపమ్మ నేను యూనివర్సిటీలో ఉన్నప్పుడే పోయింది. "మంజూ, ఆగు!" అని అరిచాను. ఆగలేదు. గ్రౌండులో ఎర్ర బటన్ ఉండదు కదా. ఆమెకు ఎదురుపోయి నడుము చుట్టూ చేతులేసి పట్టుకున్నాను, ఇద్దరం దుమ్ములో పడ్డాం. నన్ను గీకింది, కొట్టింది, "ఇడువక్కా, ఒక్క రౌండే!" అని గింజుకుంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. కాసేపటికి గింజుకోవడం ఆగిపోయింది. ఆ ఆగిపోవడం చూసి నేను పెట్టిన కేక క్రికెట్ వాళ్ళకు వినపడి ఉరికొచ్చారు. వాళ్ళు తాగే నీళ్ళ డబ్బాలు, ఐసు ముక్కలు అన్నీ తెచ్చి ఆమె మీద గుమ్మరించాం. సగం నీళ్ళు నా మీదే పడ్డాయి. ఆటోలో దవాఖానకు తీసుకుపోతూ దారి పొడుగునా ఆమె నాడి పట్టుకునే కూర్చున్నాను. దేవుడా, నా చెల్లెను నాకియ్యి, ఇంకేమీ అడగను అనుకున్నాను.

అమ్మ వచ్చి గుండెలు బాదుకుంది. "భర్తీ అయ్యేదాక ఆంజనేయస్వామికి ఒక్కపొద్దు మొక్కిందే బిడ్డా. పొద్దుగూకేదాక నీళ్ళు గూడ ముడుతలేదు. చెప్తే మొక్కు ఫలించదని, నువ్వు తిడతవని చెప్పలే" అని ఏడ్చింది. వంకాయ కూర అబద్ధమన్నమాట. తిట్టడానికి నోరు తెరిచాను కానీ, పక్కన సెలైన్ ఎక్కుతూ పడుకున్న మంజులను చూసి, ఆమె కాళ్ళకంటిన దుమ్ము తుడవసాగాను. డాక్టరు ఎండదెబ్బ అన్నాడు. సాయంత్రానికి మంజుల అందరినీ గుర్తుపట్టి, ఆకలేస్తోందని అడిగింది.

అప్పుడు నేను బయటికొచ్చి మేడంకు ఫోన్ చేశాను. అప్పటికి ఆమె రిటైరై అహేరిలోనే ఉంటున్నారు. జరిగిందంతా చెప్పి, "ఇగ నాతోని కాదు మేడం. రేపటిసంది గ్రౌండుకు పోను. నాకు భయమైతాంది" అన్నాను.

"పిల్లలు వస్తరా రేపు?" అన్నారు.

"వస్తరు."

"నువ్వు పోకుంటే వాళ్ళను ఎవలు చూస్తరు?"

నా రొప్పు ఆమెకు వినపడినట్టుంది. "సరే, ఏం చెప్పకు. ఎక్కడన్న జర కూసో. ఫోన్ పెట్టకు. నీ ఊపిరి సక్కగయ్యేదాక నేను ఇంటుంట" అన్నారు. దవాఖాన అరుగు మీద కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని ఊరికే ఊపిరి తీస్తూ ఉండిపోయాను. అవతల ఎవరో తలుపు కొట్టినా ఆమె లేచి పోలేదు. మరునాడు నేను గ్రౌండుకు పోయాను.

కొన్ని వారాలు ఉరకొద్దని డాక్టరు చెప్పడంతో ఆ ఏడు భర్తీ మంజుల చెయ్యి జారిపోయింది. నాతో మాట్లాడటం మానేసింది. చాలా రోజులకు నోరు విప్పి, "ఏం గాకపోవు అక్కా. ఇంకొక్క రౌండు ఉరికి నేనే ఆగుదును. నీ భయానికి నా నౌకరి పోయింది" అంది. బాపమ్మ చేపల పులుసు అన్నావే అంటే, "నేనెందుకంట గట్ల? నువ్వు కతలు చెప్పకు" అంది. ఆమెకు నిజంగానే గుర్తులేదు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. నిజంగానే విన్నానా అని నాకే ఒక్కోసారి అనుమానం వచ్చేది.

పోయిన వానాకాలంలో విమల మేడం పోయారు. గుండె ఆగిందట. వాగులు పొంగి, అహేరికి పోయే అల్లపల్లి రోడ్డు మీద బస్సులు బందయ్యాయి, చివరి చూపుకు కూడా పోలేకపోయాను. ఎన్ని గుండెలను కాచిన మనిషో, తన గుండె దగ్గర ఆ రోజు ఎవరున్నారో అనుకుని వాన చూస్తూ ఏడ్చాను. ఈ ఊళ్ళో ఆమె ఎవరికీ తెలియదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఇప్పుడు మళ్ళీ భర్తీ పడింది. మంజుల మళ్ళీ ఉరుకుతోంది. నిన్న పొద్దున గడప మీద కూర్చుని బూట్ల దారాలు కట్టుకుంటూ, నా దిక్కు చూడకుండా అంది.

"అక్కా, నువ్వు ఇయ్యాలటిసంది గ్రౌండుకు రాకు."

"ఎందుకే?"

"నిన్ను చూస్తే నాకు భయమైతాంది. ఆ గీత మీద నిలబడి నా మొకం దిక్కే చూస్తవు. నువ్వు చూస్తుంటే నాకు గూడ అనిపిస్తది, కాళ్ళు సక్కగ పడుతున్నయా, తల తిరుగుతాందా అని. ఇంతకుముందు నాకు గివేం లేకుండె. నువ్వే అంటించినవ్."

నాకు ఏడుపొచ్చింది, అంతకన్నా ఎక్కువ సంతోషమైంది. ఇక నేను పక్కన లేకున్నా ఆ భయం ఆమెను కాచుకుంటుంది. ఆ రోజు నేను పట్టుకోకపోతే ఈ పిల్ల ఈ గడప మీద కూర్చుని ఉండేదో లేదో నాకు ఎన్నటికీ తెలియదు. మేడంకూ తెలియకుండానే పోయింది. ఎవరూ చావకపోతే, భయపడిన మనిషి దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

"నేనొస్త," అన్నాను.

కోపంగా లేచింది. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే, "వస్తే రా. నా నీళ్ళ సీసా గూడ పట్టుకరా" అంది. నేను సీసాలు నింపుతుంటే నీళ్ళు చేతుల మీదికి ఒలికాయి. తుడుచుకుని ఆమె వెనకే నడిచాను.